పది గ్రాముల బరువు ఎక్కడుంది? కొర్రమట్ట గాలం తెలిసినవారికి ట్రౌట్ స్ట్రీమర్ లెక్క

వరంగల్, ములుగు, కరీంనగర్ చెరువుల మీద రబ్బరు కప్పతో కొర్రమట్టలు పట్టేవాళ్లకు లూర్‌ని ప్రాణమున్న దానిలా ఆడించడం ఎవరూ నేర్పక్కర్లేదు. అలాంటి చేయి తిరిగినవాళ్లే సెలవులకు హిమాచల్‌కో కశ్మీర్‌కో పోయి ట్రౌట్ అనే చల్లని నీళ్ల చేప కోసం ఏటి ఒడ్డున ఫ్లై రాడ్ (తేలికైన ఈకల ఎరను లైను బరువుతో విసిరే గాలం కర్ర) పట్టుకుంటే మొదటి గంటలోనే లైను మెడకు చుట్టుకుంటుంది. విసుగొచ్చి స్పిన్నర్ (లాగితే రేకు తిరిగే లోహపు ఎర) కడితే విసరడం కుదురుతుంది గానీ చేప కొట్టదు. కొట్టినా చేతికి రాకుండా జారిపోతుంది. పైకి ఇవి మూడు వేర్వేరు తిప్పల్లా కనిపిస్తాయి. మూలం మాత్రం ఒకటే, బరువు ఎక్కడుందో లెక్క తప్పడం. గాల్లో ఉన్నప్పుడు, నీళ్లలో ఉన్నప్పుడు, చేప నోట్లో ఉన్నప్పుడు ఈ లెక్క మారుతుంది.

అంతకుముందు ఒక మాట. ట్రౌట్ మన దగ్గర లేదు, ఉండలేదు కూడా. నీళ్లు ఎంత చల్లగా ఉంటే వాటిలో ప్రాణవాయువు అంత ఎక్కువ కరుగుతుంది. 10 డిగ్రీల దగ్గర లీటరుకు 11 మిల్లీగ్రాములకు పైనే ఉంటే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు పడిపోతుంది. ట్రౌట్‌కు 10 నుంచి 16 డిగ్రీల నీళ్లు హాయి. 20 దాటితే ఆయాసం మొదలవుతుంది, 25 దగ్గర బతకడమే కష్టం. మన చెరువుల పైపొర ఎండాకాలంలో 30 దాటుతుంది. కొర్రమట్ట దాన్ని లెక్క చేయదు, తలలో గాలి పీల్చే గదులున్నాయి కాబట్టి పైకొచ్చి గాలి మింగిపోతుంది. పైకి రానివ్వకుండా నీళ్ల కింద వలలో బిగిస్తే నీళ్లలోనే ఊపిరాడక చచ్చే చేప అది. ట్రౌట్ అసలు ఈ దేశానిదే కాదు. బ్రౌన్ ట్రౌట్ 1900లో స్కాట్లండ్ నుంచి తెచ్చిన గుడ్లతో కశ్మీర్‌లో నిలదొక్కుకుంది. ఇప్పుడు కశ్మీర్‌లో లిద్దర్, హిమాచల్‌లో తీర్థన్, బరోట్ దగ్గరి ఉహల్ లాంటి ఏర్లలో ఉంది. దక్షిణాన నీలగిరుల్లో, మున్నార్ కొండల్లో రెయిన్‌బో ట్రౌట్ దొరుకుతుంది. కాబట్టి ఇక్కడ చేయగలిగింది సాధన, అక్కడ చేయాల్సింది వేట.

గాల్లో

కొర్రమట్ట కోసం వాడే రబ్బరు కప్పలు మామూలుగా 8 నుంచి 15 గ్రాములు ఉంటాయి. 10 గ్రాముల కప్ప అనుకుందాం. రాడ్ వంచి వదిలితే కప్ప ముందుకు దూసుకుపోతూ రీలులోని బ్రెయిడ్ దారాన్ని వెంట లాక్కుపోతుంది. పనంతా కప్పది, దారం ఉత్తి ప్రయాణికుడు. అందుకే దారం ఎంత సన్నగా ఉంటే కప్ప అంత దూరం పోతుంది.

స్ట్రీమర్ అంటే కొక్కేనికి ఈకలు, బొచ్చు కట్టి చిన్న చేపలా చేసిన ఎర. కింద ఈక అన్నా ఇదే. 8వ నంబరు కొక్కేనికి కట్టిన వూలీ బగ్గర్ అనే మామూలు స్ట్రీమర్ ఒక గ్రాము కూడా తూగదు. తంగూసుకు కట్టి విసిరితే కాళ్ల దగ్గరే పడుతుంది. అందుకని ఇక్కడ బరువును ఎర నుంచి తీసి లైనులో పెట్టారు. ఫ్లై లైను నంబర్లన్నీ దాని మొదటి 30 అడుగుల బరువును బట్టి ఇచ్చినవే: 5 వెయిట్ అంటే 140 గ్రెయిన్లు, 6 వెయిట్ అంటే 160, 8 వెయిట్ అంటే 210. ఈ 160 గ్రెయిన్లను గ్రాముల్లోకి మారిస్తే 10.4 వస్తుంది. అంటే ట్రౌట్ స్ట్రీమర్లకు ఎక్కువగా వాడే 6 వెయిట్ లైనూ, మన రబ్బరు కప్పా దాదాపు ఒకే బరువు. కప్పలో ఆ పది గ్రాములూ బొటనవేలంత ముద్దలో ఉన్నాయి. లైనులో అవే పది గ్రాములు 30 అడుగుల పొడవునా పరుచుకుని ఉన్నాయి.

ముద్దగా ఉన్న బరువును ఒక్క ఊపులో వదిలేయవచ్చు. పరుచుకున్న బరువుతో అలా కుదరదు. చర్నాకోల ఝళిపించినట్టు మొదట వెనక్కి మొత్తం చాచుకోవాలి, అప్పుడే ముందుకు కదపాలి. కొర్రమట్ట అలవాటున్న చేతికి రానిది సరిగ్గా ఈ ఆగడమే. వెనక్కి ఊపి, రాడ్ నెత్తి దాటి కాస్త వెనక్కి పోగానే టక్కున ఆపాలి. లైను వెనక తిన్నగా సాగేదాకా అలాగే ఉండాలి. బయట 20 అడుగుల లైనుంటే ఆగాల్సింది కొంచెమే. 40 అడుగులుంటే ఎక్కువసేపు ఆగాలి. కొత్తల్లో తల తిప్పి వెనక లైను సాగిందో లేదో చూసుకోవడం మంచిది, తీరు పట్టేదాకా అందరూ అదే చేస్తారు. తొందరపడి ముందుకు లాగితే వెనక నుంచి ఛట్ అని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడుకు చాలాసార్లు ఈక తెగిపోయి ఉంటుంది. రాడ్‌ను వెనక్కి మరీ వాల్చేస్తే లైను కిందికి దిగి గడ్డిలో చిక్కుతుంది.

ముందుకు వేసేటప్పుడు తప్పు ఇంకో రకంగా జరుగుతుంది. మొదట్లోనే బలం పెట్టి గుంజితే రాడ్ కొస ఒక్కసారి వంగి లేస్తుంది, లైను తన మీద తానే పడి లీడర్‌లో (లైనుకూ ఈకకూ నడుమ కట్టే సన్నటి తంగూసు) చిన్న ముడి వేసుకుంటుంది. కంటికి ఆనని ఆ ముడి దగ్గర తంగూసు బలం దాదాపు సగానికి పడిపోతుంది. మెల్లగా మొదలుపెట్టి వేగం పెంచుకుంటూ పోయి, చివర్లో గట్టిగా ఆపితే ఆ బెడద ఉండదు. అయినా పది విసుర్లకొకసారి లీడర్‌ను వేళ్ల మధ్య జారవిడిచి చూసుకోవాలి.

సీసం కళ్లున్న స్ట్రీమర్‌తో ఇంకా జాగ్రత్త. అలాంటి ఈకను గాల్లో పదేపదే ఆడించకూడదు. వెనక్కి పక్క నుంచి, ముందుకు నెత్తి మీదుగా, గుండ్రంగా ఆగకుండా తిప్పి ఒకే విసురులో వదిలేయాలి. బరువైన ఈక ఒక్కసారి కార్బన్ రాడ్‌కు తగిలినా కంటికి కనపడని బీట పడుతుంది. ఎప్పుడో పెద్ద చేప పడినప్పుడు రాడ్ అక్కడే విరుగుతుంది, మనం కంపెనీని తిట్టుకుంటాం. టోపీ, కళ్లజోడు లేకుండా ఈ పని అసలు చేయొద్దు. గాలి విసిరే చేయి వైపు నుంచి కొడుతుంటే ఈక నేరుగా మొహం మీదికే వస్తుంది. అప్పుడు ఒడ్డు మారాలి, లేదంటే విసురును ఎడమ భుజం మీదుగా మార్చుకోవాలి.

సాధనకు నీళ్లే కావాలని లేదు. హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ మైదానం లాంటి ఖాళీ జాగాలో, గడ్డి ఉన్న చోట, కొక్కెం లేకుండా లీడర్ చివర ఎర్ర ఊలు దారం ముక్క కట్టి విసరవచ్చు. సిమెంటు మీద, మొరం మీద మాత్రం వద్దు, లైను పైపూత గీసుకుపోతుంది. చెరువు కట్ట మీద అయితే వెనక తుమ్మ, ఈత చెట్ల కన్నా ముందు చూడాల్సినవి మోటార్ల కోసం లాగిన కరెంటు తీగలు. కార్బన్ రాడ్ కరెంటును పారనిస్తుంది. తొమ్మిదడుగుల రాడ్, దానిపైన తడి లైను కిందికి వేలాడే తీగలను సులువుగా అందుకుంటాయి. అలాంటి చోట ఎంత చేప ఉన్నా రాడ్ విప్పకూడదు.

లైను కొనేటప్పుడు చాలామందికి తట్టని సంగతి ఇంకొకటుంది. ట్రౌట్ కోసం చేసిన చల్లని నీళ్ల లైను మన ఎండలో మెత్తబడి, జిగురుగా మారి రాడ్ రింగుల్లోంచి జారదు. వేడి ప్రాంతాల కోసం చేసినది కొండ ఏటిలో బిర్రుగా చుట్టలు చుట్టుకుంటుంది. ఒకే లైనుతో రెండు చోట్లా నెట్టుకొద్దామంటే రెండు చోట్లా చిరాకే. సాధనకు చౌకరకం లైను ఒకటి విడిగా పెట్టుకోవడం నయం.

నీళ్లలో

ట్రౌట్ చిన్నగా ఉన్నప్పుడు పురుగులు తింటుంది, పెద్దదయ్యేకొద్దీ చేపలకు మళ్లుతుంది. హిమాలయ ఏర్లలో దానికి దొరికేవి రాళ్ల సందుల్లో పాకే చిన్న లోచ్ చేపలు, అక్కడి స్థానిక చేప అయిన స్నో ట్రౌట్ పిల్లలు. స్నో ట్రౌట్ పేరుకే ట్రౌట్, అసలు కార్ప్ జాతి. ఇవన్నీ అడుగునే తిరుగుతాయి. స్ట్రీమర్ కూడా ఏటి నేలకు ఒక అడుగు ఎత్తులోపే ఈదాలి. చేప తగలకపోతే అందరూ ముందు రంగు మారుస్తారు, ఈక మారుస్తారు. నూటికి తొంభై సార్లు తప్పు లోతుది. ఈక చేప నెత్తికి రెండడుగుల పైన పోతుంటే ఏ రంగైనా ఒకటే.

లోతుకు పంపాలంటే బరువు పెట్టాలి. అది ఎక్కడ పెట్టామన్నదాన్ని బట్టి ఈక ఈదే తీరు మారుతుంది. లైనులోనే పెడితే, అంటే మునిగే లైను వాడితే, ఈక నీళ్లలో అడ్డంగా తిన్నగా పోతుంది, దాని మెత్తటి తోక ప్రవాహానికి ఊగుతుంది. టైప్ 3 లైను నిలిచిన నీళ్లలో సెకనుకు సుమారు 3 అంగుళాలు, టైప్ 6 సుమారు 6 అంగుళాలు మునుగుతాయి. నాలుగడుగుల లోతు చేరడానికి మొదటిదానికి 16 సెకన్లు, రెండోదానికి 8 సెకన్లు. ఆ ఎనిమిది సెకన్లలో సెకనుకు మూడడుగులు పారే ఏరు దాన్ని 24 అడుగులు కిందికి కొట్టుకుపోతుంది. కాబట్టి చేప ఉన్న బండ దగ్గర కాదు, అంత దూరం ఎగువన వేయాలి. మునిగే లైనుకు లీడర్ మూడు నాలుగు అడుగులు చాలు. అలవాటుకొద్దీ తొమ్మిదడుగుల లీడర్ కడితే లైను అడుగున పాకుతుంటుంది, తేలికైన ఈక పైన తేలుతుంటుంది. దుకాణంలో ఖరీదైన లైను కొని, లీడర్ దగ్గర దాన్ని వృథా చేసుకోవడం ఇక్కడే జరుగుతుంది.

బరువును ఈక తలలో పెట్టడం రెండో దారి. క్లౌజర్ మిన్నో అలాంటిదే. డంబెల్ ఆకారపు లోహపు కళ్లను కొక్కెం కాడ పైభాగాన కడితే ఈక తలకిందులై కొక్కెం మొన పైకి తిరుగుతుంది, రాళ్లలో తక్కువ చిక్కుతుంది. లాగినప్పుడు లేస్తుంది, ఆపినప్పుడు తల కిందికి పెట్టి దూకుతుంది. దీన్ని తేలే లైనుతో, తొమ్మిదడుగుల లీడర్‌తో వాడవచ్చు. చిన్న ఏర్లకు, నడుం లోతు మడుగులకు ఇదే సుఖం. కళ్లు కాకుండా కాడ నడుమ 10–12 చుట్లు సీసం తీగ చుట్టి పైన ఈక కడితే మునుగుతుంది గానీ దూకదు, అడ్డంగా దిగుతుంది. నీళ్లు బాగా చల్లగా, ఏడెనిమిది డిగ్రీల దగ్గర ఉండి చేప మందకొడిగా ఉన్నప్పుడు దూకే ఈక కన్నా ఇదే పనికొస్తుంది.

వూలీ బగ్గర్ ఇంట్లో కట్టుకోవచ్చు. నాటు పుంజు మెడ, నడుము ఈకలు ఒంటికి చుట్టడానికి సరిపోతాయి. బ్రాయిలర్ కోడిని వారాల వయసులోనే కోస్తారు కాబట్టి దాని ఈక ఎదగదు, చుట్టడానికి పొడవు చాలదు. తోకకు మాత్రం ఈకల మొదట్లో ఉండే మెత్తటి నూగు ఏ కోడిదైనా పరవాలేదు. సబ్బు నీళ్లలో కడిగి బాగా ఆరబెట్టి డబ్బాలో పెట్టాలి, లేకపోతే పురుగు పడుతుంది. తోక పొడవు కొక్కెం కాడంతే ఉండాలి. అందంగా ఉంటుందని పొడుగ్గా వదిలితే చేప కొసను కొరికి పోతుంది, మొన దాకా రాదు. 6 నుంచి 10 నంబరు కొక్కేలు చాలు. మంచు కరిగి ఏరు మసకబారినప్పుడు నలుపు, నీళ్లు తేటగా ఉన్నప్పుడు ముదురు ఆకుపచ్చ, గోధుమ రంగులు. మసక నీళ్లలో కింద నుంచి చూసే చేపకు రంగు కన్నా ఆకారం కనపడాలి, ముదురు ముద్దే ఆకాశం మీద బాగా ఆనుతుంది.

వేసే పద్ధతి ఇది. ఏటికి అడ్డంగా, కాస్త దిగువకు వేయాలి. పడగానే నడిపాయలోని జోరు లైను మధ్యభాగాన్ని విల్లులా వంచి ఈకను ఈడ్చుకుపోతుంది. అంత వేగంతో ఏ చిన్న చేపా ఈదదు. కాబట్టి రాడ్ కొసతో లైనును ఎత్తి ఎగువకు తిప్పి పెట్టాలి. ఇలా ఒకటి రెండు సార్లు సరిచేస్తే ఈక మునిగి, నెమ్మదిగా అడ్డంగా జరుగుతూ మన ఒడ్డు వైపు వస్తుంది. మధ్యమధ్య ఎడమచేత్తో జానెడు జానెడు లాగుతూ ఆపాలి. తిన్నగా దిగువకు వచ్చాక కూడా వెంటనే ఎత్తేయకుండా కాసేపు వేలాడనివ్వాలి. వెంట వచ్చిన చేప చాలాసార్లు అక్కడే నిర్ణయించుకుంటుంది. తర్వాత రెండు మూడు అడుగులు దిగువకు జరిగి మళ్లీ వేయాలి. ఒకే చోట నిలబడి ఇరవై సార్లు వేయడం చెరువు అలవాటు. ఏటిలో మొదటి రెండు మూడు విసుర్లకు కొట్టని చేప ఆ తర్వాత కొట్టడం అరుదు. బండ వెనకి నిలకడ నీళ్లు, ఒడ్డు కింద కోసుకుపోయిన గూళ్లు, జోరు పాయా నెమ్మది పాయా కలిసే గీత, మడుగు తోక, వెతకాల్సింది ఇవే.

స్పిన్నర్ లెక్క వేరు. బరువు మళ్లీ ఎరలోకి వచ్చింది, 3 నుంచి 7 గ్రాములు. విసరడం మనకు వచ్చిన పనే. తప్పు లాగడంలో జరుగుతుంది. దిగువకు వేసి ప్రవాహానికి ఎదురు లాగితే రేకు పిచ్చిగా తిరిగి స్పిన్నర్ నీటి పైకి తేలుతుంది, తంగూసు మెలికలు పడుతుంది. ఏటవాలుగా ఎగువకు వేసి, ఏటి పరుగు కన్నా కొంచెం ఎక్కువ వేగంతో చుట్టాలి. రేకు తిరుగుతున్న అదురు చేతికి తెలియాలి. తెలియకపోతే నెమ్మదిగా చుడుతున్నట్టు, అప్పుడు స్పిన్నర్ ఉత్తి ఇనుప ముక్క. ఎరకు మూరెడు పైన స్వివెల్ (గిర్రున తిరిగే కొలికి) పెడితే మెలికలు చాలావరకు తగ్గుతాయి. కొర్రమట్టకు వాడే 40 పౌండ్ల బ్రెయిడ్ ఇక్కడ వద్దు. తుంగలోంచి, గుర్రపుడెక్కలోంచి చేపను ఈడ్చడానికి పుట్టినది అది, తేట నీళ్లలో తాడులా కనపడుతుంది. 6–8 పౌండ్ల తంగూసు చాలు. మూడు మొనల కొక్కెం తీసేసి ముల్లు నొక్కేసిన ఒంటి కొక్కెం పెట్టుకుంటే చేపకూ మన వేలికీ మంచిది.

పోయే ముందు అక్కడి మత్స్యశాఖ దగ్గర లైసెన్సు తీసుకోవాలి. కశ్మీర్‌లో ఏటిని బీట్లుగా విడగొట్టి అనుమతి ఇస్తారు. హిమాచల్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా గుడ్లు పెట్టే కాలమని ట్రౌట్ వేట ఆపేస్తారు. ఏ నీటిలో ఈక మాత్రమే వాడాలో, ఎక్కడ స్పిన్నర్ చెల్లుతుందో లైసెన్సు ఇచ్చేచోటే అడగాలి.

నోట్లో

కొర్రమట్ట నాచు మీద కప్పను బుడుంగున కొట్టినప్పుడు వెంటనే లాగితే కప్ప ఎగిరి మన మీదికి వస్తుంది. ఒకటి, రెండు అని లెక్కపెట్టి, బరువు చేతికి తెలిశాక, రాడ్ ఎత్తి గట్టిగా కొట్టాలి. రబ్బరు ఒళ్లు నలిగి జంట కొక్కేలు బయటపడి, గట్టి దవడలో దిగడానికి అంత బలం కావాలి. దారం 40 పౌండ్లు, రాడ్ బిర్రు, కాబట్టి ఏమీ తెగదు.

ఇదే చేయి ట్రౌట్ దగ్గర రెండు రకాలుగా చెడగొడుతుంది. లీడర్ కొసన ఉండే సన్నటి తంగూసును టిప్పెట్ అంటారు, ఎక్స్ నంబరు పెరిగేకొద్దీ అది సన్నబడుతుంది. 3ఎక్స్ టిప్పెట్ అయితే మందం 0.20 మిల్లీమీటర్లు, బలం సుమారు 8 పౌండ్లు. కొర్రమట్టకు కొట్టినట్టు కొడితే ఫట్. అందుకే స్ట్రీమర్లకు 0ఎక్స్ నుంచి 3ఎక్స్ మధ్యే ఉండాలి, అంతకన్నా సన్నం వద్దు. తెగకపోయినా ఇంకో చిక్కుంది. రాడ్ పైకి ఎత్తగానే ఈక నీళ్లలోంచి పైకి లేచి చేప నోటి ముందు నుంచి మాయమవుతుంది. కాబట్టి రాడ్ కొసను నీటికి ఆనించి, ఈక వైపే చూపిస్తూ ఉంచాలి. తాకినట్టు తెలియగానే ఎడమచేత్తో లైనును అడుగు దూరం తిన్నగా లాగాలి, రాడ్ కదలకూడదు. చేప దొరికితే కొక్కెం దిగుతుంది. దొరక్కపోయినా ఈక అడుగు దూరమే జరిగి అక్కడే ఉంటుంది, అది మళ్లీ తిరిగి కొడుతుంది. రెండో అవకాశం ఇచ్చేది ఈ లాగుడే. కొక్కెం దిగిందని తెలిశాకే రాడ్ ఎత్తి వంపు ఇవ్వాలి. ఈక దిగువన వేలాడుతున్నప్పుడు కొడితే అసలేమీ చేయక్కర్లేదు, బిగిసిన లైను మీద చేప తనంతట తానే గుచ్చుకుంటుంది.

ఈ చేతివాటం కోసం ఇక్కడ మంచి గురువు జిలేబి చేప. 5 వెయిట్ రాడ్, 10వ నంబరు వూలీ బగ్గర్, తూము దగ్గరో మత్తడి కిందో నీళ్లు కదిలే చోటు చాలు. అది నోట్లోకి తీసుకుని వెంటనే ఊసేస్తుంది, ఎడమచేయి చురుగ్గా లేకపోతే దొరకదు. కొర్రమట్టనే స్ట్రీమర్‌తో పట్టాలంటే 8 వెయిట్ రాడ్, 20–25 పౌండ్ల లీడర్, మొనకు అడ్డంగా తంగూసు ఉచ్చు కట్టిన ఈక కావాలి. ఉచ్చు లేకపోతే ప్రతి విసురుకూ నాచే వస్తుంది. ఊరి చెరువుల్లో చేప మీద హక్కు చాలాచోట్ల మత్స్య సహకార సంఘానిది, వాళ్లను అడిగే గాలం వేయాలి. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాల్లో అటవీశాఖ మాటే చెల్లుతుంది.

వానలు పడ్డాక చెరువు అంచున నీటి పైన ఎర్రటి పిల్లల గుంపు ఒకటి బుసబుసమని కదులుతూ కనిపిస్తే, కింద కొర్రమట్ట జంట కాపలా ఉన్నట్టే. అక్కడ ఏది వేసినా కొడుతుంది, ఆకలితో కాదు, పిల్లల మీదికి వచ్చిందని. ఆ చేపను తీసేస్తే గుంపును మిగతా చేపలు ఒకటీ మిగల్చకుండా తినేస్తాయి. ఆ గుంపును వదిలి కట్ట వెంట ఇంకో చోటికి నడవాలి.